తుఫాను నెలల్లో సెలవు: మీనా సల్మాన్ నుంచి చూస్తే

2025 అక్టోబరు 28 రాత్రి, మన గడియారం ప్రకారం ఇంచుమించు ఒకే వేళకు, భూగోళానికి రెండు వైపులా రెండు తుఫాన్లు తీరం దాటాయి. జమైకాలోని న్యూ హోప్ దగ్గర గంటకు 295 కిలోమీటర్ల గాలితో మెలిస్సా విరుచుకుపడింది. ఇక్కడ నరసాపురం దగ్గర మొంథా ఒడ్డెక్కింది. బలంలో రెంటికీ పోలికే లేదు. మొంథా గాలి వంద కిలోమీటర్ల చుట్టుపక్కలే. కానీ రెండు చోట్లా సెలవు మీద వచ్చినవాళ్లు ఉన్నారు. జమైకాలో ఆ సమయానికి సుమారు 25 వేల మంది విదేశీ పర్యాటకులు ఉన్నారని అక్కడి అధికారులు లెక్క చెప్పారు. కోస్తాంధ్రలో కార్తీకమాసానికి ఇళ్లకు చేరినవాళ్లూ, అరకు, భీమిలి చూడ్డానికి వచ్చినవాళ్లూ ఏ లెక్కకూ ఎక్కలేదు. సెలవు మీద సొంతూరికి వచ్చినవాణ్ని మన దగ్గర ఎవరూ పర్యాటకుడని అనరు మరి.

తుఫాన్ల కాలంలో వెచ్చని తీరానికి సెలవు మీద వెళ్లడం తెలివైన పనేనా? ఇంగ్లీషు ప్రయాణ పత్రికలు ఏటా జూన్‌లో ఈ ప్రశ్న వేసుకుని, ఏటా ఒకటే జవాబు చెబుతాయి: చవక కాబట్టి వెళ్లండి, బీమా మాత్రం మరవకండి. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి సెలవు దొరికే గల్ఫ్ తెలుగువాడికి ఆ జవాబు ఎంతవరకు పనికొస్తుందో తరచి చూడాలి. అలా చూడడానికి బహ్రెయిన్‌లోని మీనా సల్మాన్ మంచి చోటు. తుఫాను రాని రేవు అది. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది మాత్రం తుఫాన్లు వచ్చే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే.

తుఫాను రాని రేవు

మనామాకు ఆగ్నేయంగా, జుఫైర్ పక్కన 1962లో మొదలైన రేవు మీనా సల్మాన్. సరుకు నౌకలు 2009లో హిద్ దగ్గరి ఖలీఫా బిన్ సల్మాన్ పోర్టుకు మారిపోయాయి. ఇప్పుడు ఇక్కడ నౌకాదళాల రాకపోకలే ఎక్కువ. రేవును ఆనుకున్న పారిశ్రామిక వాడలో ఓడల మరమ్మతు, వెల్డింగు షెడ్లు, గోదాములు ఉన్నాయి.

ఇక్కడి సముద్రానికి వేడి తక్కువై తుఫాను రావడం లేదనుకుంటే పొరపాటు. తుఫాను పుట్టడానికి నీళ్లు 26.5 డిగ్రీలుంటే చాలు. ఆగస్టులో గల్ఫ్ నీళ్లు 33 డిగ్రీలు దాటుతాయి. అడ్డుపడేవి వేరే ఉన్నాయి. గల్ఫ్ ఇరుకు. సగటు లోతు 35 మీటర్లే. చుట్టూ ఎడారి, పైనంతా పొడిగాలి. అరేబియా సముద్రంలో పుట్టిన తుఫాను లోపలికి రావాలంటే ఒమన్ కొండలనూ ఇరాన్ తీరాన్నీ తప్పించుకుని హోర్ముజ్ సందులో దూరాలి. చరిత్రలో నమోదైనంతలో అలా వచ్చినది లేదు. ఇకముందు కూడా రాదని మాత్రం శాస్త్రవేత్తలు హామీ ఇవ్వడం లేదు. నింగ్ లిన్, కెర్రీ ఇమాన్యుయెల్ 2015లో వేసిన అంచనాల ప్రకారం గల్ఫ్‌లోనూ తుఫానుకు ఆస్కారం ఉంది, దుబాయి లాంటి నగరాలకు ఉప్పెన ముప్పు కాస్తయినా ఉంది. అది వేల ఏళ్లకొకసారి జరిగితే జరగవచ్చనే లెక్క. సెలవు ప్లాను వేసుకునేవాడు దాన్ని పక్కన పెట్టవచ్చు.

బహ్రెయిన్‌లో సీజను ఎండ చేతిలో ఉంటుంది. విహార నౌకలు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వచ్చి, ఎండ ముదిరేసరికి మధ్యధరా సముద్రం వైపు వెళ్లిపోతాయి. మండుటెండల నెలల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఆరుబయట పని చేయించకూడదన్న నిషేధం ఉంటుంది. ఆ నెలల్లో చల్లని చోటికి పోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అనిపించినప్పుడు వెళ్లే వీలు కొందరికే. కార్మిక చట్టం ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇస్తుంది, అది ఎప్పుడన్నది కంపెనీ పని ఒత్తిడిని బట్టి తేలుతుంది. పిల్లల్ని ఇండియన్ స్కూళ్లలో చదివిస్తున్న కుటుంబాలకు జూలై, ఆగస్టు తప్ప గతి లేదు. క్యాంపుల్లో ఒంటరిగా ఉండే కార్మికులు దసరాకో, దీపావళికో, సంక్రాంతికో అడుగుతారు. రిలీవరు దొరికితే దొరికినట్టు.

చవక లెక్క ఎక్కడిది?

అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. తుఫాన్లు ముమ్మరించేది సెప్టెంబరు 10 అటూ ఇటూ. ఏడాదికి సగటున 14 తుఫాన్లకు పేర్లు పెడితే వాటిలో ఏడు హరికేన్లవుతాయి, మూడు భీకర రూపం దాలుస్తాయి. అమెరికాలో బళ్లు తెరిచేదీ, కెనడాలో ఇంకా చలి మొదలవనిదీ ఆ రోజుల్లోనే. కాబట్టి కరీబియన్ దీవులకు గిరాకీ పడిపోతుంది. హోటళ్లూ విహార నౌకలూ ధరలు దించుతాయి. వెనిజులా తీరానికి దగ్గరలోని అరుబా, బొనెయిర్, కురసావ్ తుఫాన్ల దారికి దక్షిణంగా ఉన్నందున, అక్కడికి వెళ్తే చవకా దక్కుతుంది, ముప్పూ తక్కువ.

ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ చూపిస్తామని పిల్లలకు మాటిచ్చిన అమెరికా తెలుగువాళ్లకు ఈ లెక్క అనుభవంలోదే. 2022 సెప్టెంబరు చివర ఇయాన్ హరికేన్ వచ్చినప్పుడు ఆ పార్కు రెండు రోజులు మూతపడింది, 2024 అక్టోబరులో మిల్టన్‌కు మళ్లీ తలుపులు వేసుకుంది. అయినా ఆ సలహాలో తర్కం ఉంది. ముప్పును భరించినవాడికి తగ్గింపు రూపంలో కొంత ముట్టుతుంది. కారు ఉంటుంది, రోడ్లుంటాయి, హెచ్చరిక రాగానే నాలుగు వందల మైళ్లు పోయే వీలుంటుంది.

ఈ సలహాను తెలుగు నేలకు తెచ్చుకుంటే మొదటి వాక్యంలోనే బెసుకుతుంది.

మన దగ్గర సీజనే తుఫాను కాలం

బంగాళాఖాతంలో తుఫాన్లు రెండు విడతలుగా వస్తాయి, నైరుతి రుతుపవనాలకు ముందు ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా, నైరుతి వెనక్కి మళ్లాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. రెండో విడతే ఆంధ్ర తీరానికి గట్టిది. సరిగ్గా ఆ నెలల్లోనే మన పండగలూ యాత్రలూ. దసరా, దీపావళి, కార్తీక వనభోజనాలు, పంచారామాలు, అరకులో వలిసె పూలు, లంబసింగి చలి. టూరిజం గదులు దొరకవు, రైళ్లలో వెయిటింగ్ లిస్టు చాంతాడంత, హైదరాబాద్ విమానం టికెట్టు కొండెక్కి కూర్చుంటుంది. అట్లాంటిక్‌లో తుఫాను భయం ధర దించితే, మన దగ్గర పండగ ధర పెంచుతుంది. ఎక్కువ డబ్బు పోసి ఎక్కువ ముప్పును కొనుక్కుంటున్నామన్నమాట.

పంచాంగం పక్కన పెట్టుకుని చూస్తే ఇది మరీ స్పష్టం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి అధికారిక లెక్కల్లోనే పదివేల మంది దాకా పొట్టన పెట్టుకున్న ఉప్పెన వచ్చింది కార్తీకంలో. 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరిని నేలకూల్చిన తుఫాను దీపావళికి నాలుగు రోజుల ముందు. 2014 అక్టోబరు 12న విశాఖ మీద పడ్డ హుద్‌హుద్ దసరాకూ దీపావళికీ నడుమ. 2018 అక్టోబరు 11న పలాస వైపు తిత్లీ దాటేనాటికి దేవీ నవరాత్రులు మొదలయ్యాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్, 2025లో మొంథా, రెండూ కార్తీకమాసంలోనే.

అయితే భయం లెక్క మించకూడదు. 2013 నుంచి 2025 దాకా పదమూడేళ్లలో తుఫాను బలంతో ఆంధ్ర తీరం దాటినవాటిలో చెప్పుకోదగ్గవి ఏడు: హెలెన్, హుద్‌హుద్, తిత్లీ, పెథాయ్, గులాబ్, మిచౌంగ్, మొంథా. ఏడూ సెప్టెంబరు ఆఖరుకూ డిసెంబరు మూడో వారానికీ మధ్య వచ్చినవే. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరానికి రెండేళ్లకొకటి చొప్పున. నెల రోజుల సెలవులో సరిగ్గా మీ ఊరి మీదే తుఫాను పడే అవకాశం తక్కువే. కానీ అంతరాయానికి అది ఊరి మీదే పడనక్కర్లేదు. చెన్నై నుంచి హౌరా దాకా తీరం వెంట పరుగెత్తే రైలుమార్గం ఒకటే. ఎక్కడ తెగినా మొత్తం ఆగుతుంది. మిచౌంగ్ తీరం దాటింది బాపట్లలో, అంతకు ముందు రోజే చెన్నై విమానాశ్రయం నీళ్లతో నిండి మూతపడింది.

హుద్‌హుద్ దీనికి పాఠ్యపుస్తకం. ఆ ఆదివారం విశాఖ విమానాశ్రయంలో టెర్మినల్ పైకప్పు లేచిపోయి, అద్దాలు పగిలి, సీలింగు ఊడి బెల్టుల మీద పడింది. 17వ తేదీ దాకా విమానాలు లేవు. నగరంలో కరెంటు లేదు, ఫోన్లు పలకవు, ఏటీఎంలు పనిచేయవు. అప్పుడు నగరంలో సెలవు మీద ఉన్న మనిషికి గాలివాన ఒక్కరోజులో తగ్గింది. ఆ తర్వాతి వారమే అసలు పరీక్ష. చేతిలో నగదు లేనివాడు కార్డు చూపించి పాల ప్యాకెట్టు కొనలేకపోయాడు.

పేరు లేని వాన

తుఫాను గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితే గాని భారత వాతావరణ శాఖ దానికి పేరు పెట్టదు. పేరు లేకపోతే టీవీల్లో హడావుడి ఉండదు, దుబాయిలోనో మనామాలోనో ఉన్నవాడి ఫోన్‌కు కబురు రాదు. పేరులేనివే మనల్ని ఎక్కువసార్లు ముంచాయి.

2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటింది ఒట్టి తీవ్ర వాయుగుండం. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌లో ఆ రాత్రి కాలనీలు చెరువులయ్యాయి, ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి కళింగపట్నం దగ్గర తీరం దాటినది కూడా పేరు లేని వాయుగుండమే. విజయవాడలో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచింది. మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. మున్నేరు పొంగి హైదరాబాద్ రహదారి మీదికి వచ్చింది. ఆ రెండు రోజులు విజయవాడ నుంచి శంషాబాద్ చేరడమే గగనమైంది.

జూలై, ఆగస్టుల్లో వచ్చే కుటుంబాలు తుఫానును తప్పించుకుంటాయి, వరదను తప్పించుకోలేవు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత మట్టం ఎన్నడూ చూడలేదు. కాబట్టి తుఫాను పేర్ల పట్టిక చూసుకుని సెలవు ఖాయం చేసుకోవడం సగం పనే. అల్పపీడనం అన్న మాట వినిపించినప్పుడే చెవులు రిక్కించాలి.

ఒకే గాలి, రెండు తీరాలు

బహ్రెయిన్, ఒమన్ తెలుగువాళ్లకు 2021 శరదృతువు వింత పాఠం నేర్పింది. సెప్టెంబరు 26 సాయంత్రం గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. నేల మీద బలహీనపడి తెలంగాణ, మరాఠ్వాడల మీద కుండపోతగా కురిసి, గుజరాత్ దాటి మళ్లీ సముద్రంలో పడింది. వెచ్చని నీళ్లు దొరకగానే ప్రాణం పోసుకుని, షాహీన్ అనే కొత్త పేరుతో అక్టోబరు 3న ఒమన్‌లోని బాతినా తీరాన్ని కొట్టింది. పదిమందికి పైగా చనిపోయారు. శ్రీకాకుళంలో కొబ్బరి మట్టలు విరిచిన గాలే వారం తిరిగేసరికి మస్కట్ దగ్గరి వాదీలను పొంగించింది. ఊళ్లో తల్లిదండ్రుల క్షేమం కనుక్కున్న కొడుకుకు, అదే తల్లిదండ్రులు ఫోన్ చేసి క్షేమం అడగాల్సి వచ్చింది.

అరేబియా సముద్రంలో తుఫాన్లు తక్కువ. బంగాళాఖాతంలో నాలుగు వస్తే అక్కడ ఒకటి. వచ్చినవి మాత్రం ఒమన్‌ను గట్టిగానే కొట్టాయి. 2007 జూన్‌లో గోను వల్ల ఆ దేశంలో సుమారు 50 మంది మరణించారు. 2018 మే 25న మెకును సలాలా మీద పడి, కొన్నేళ్లలో కురవాల్సిన వానను రెండు మూడు రోజుల్లో కుమ్మరించింది. విమానాశ్రయం మూసేశారు.

గల్ఫ్‌వాసులకు ఇష్టమైన వానాకాలపు సెలవు చోటూ ఆ సలాలాయే. జూన్ 21 నుంచి సెప్టెంబరు 21 దాకా ఖరీఫ్ సీజను. నైరుతి గాలులకు ధోఫార్ కొండల మీద మంచు కమ్మి, ఎడారి పచ్చబడుతుంది. గల్ఫ్ అంతా కుతకుతలాడుతుంటే అక్కడ సన్నని జల్లు. లక్షల మంది వెళ్తారు. అదే నైరుతి గాలి ఆ నెలల్లో తుఫానుకు శత్రువు కూడా. కింది గాలి ఒకవైపూ పై గాలి మరోవైపూ లాగుతుంటే మేఘాల గుమ్మటం నిలవలేదు. సలాలాకు తుఫాను గండం మే, జూన్ మొదట్లోనూ, మళ్లీ అక్టోబరు, నవంబరుల్లోనూ. నడుమ ఉన్న ఖరీఫ్ ఆ గండానికి దూరం. అయినా సముద్రం మాత్రం అప్పుడే ఉగ్రంగా ఉంటుంది. 2022 జూలైలో ముగ్సైల్ రాళ్ల మీద నిలబడ్డ ఒక భారతీయ కుటుంబాన్ని అల లాక్కుపోయింది. కంచె దాటి ఫొటోలు దిగడానికి తుఫాను అక్కర్లేదు.

ఇతర తీరాల సంగతి

భూమధ్యరేఖకు అయిదు డిగ్రీల లోపల భూభ్రమణం గాలిని సుడి తిప్పే బలం చాలదు. అందుకే మాల్దీవులు తుఫాన్ల పరంగా నిమ్మళమైన చోటు. అక్కడ మే నుంచి అక్టోబరు దాకా వానా, కల్లోల సముద్రమూ ఉంటాయి, ధరలు తగ్గుతాయి. కరీబియన్ సలహా నిజంగా పనికొచ్చే చోటు మనకు దగ్గరలో ఉందంటే అదే. ఈ సూత్రానికీ మినహాయింపులున్నాయి. 2001 డిసెంబరులో వామే అనే తుఫాను సింగపూర్ పక్కనే ఒకటిన్నర డిగ్రీల అక్షాంశం దగ్గర పుట్టింది.

శ్రీలంక పాఠం ఇంకా పచ్చిగానే ఉంది. 2025 నవంబరు చివర దిత్వా తుఫాను వల్ల 600 మందికి పైగా పోయారు. ఎక్కువ నష్టం సముద్రపు ఒడ్డున జరగలేదు. నువారా ఎలియా, బదుల్లా, క్యాండీ జిల్లాల్లో కొండచరియలు కూలి జరిగింది. తుఫానంటే బీచి భయమే అనుకుని కొండల మీద గది తీసుకున్నవాడు రెంటికీ చెడ్డట్టే. ఈ మాట అరకు, పాడేరు ఘాట్లకూ వర్తిస్తుంది. భారీ వానలకు కొత్తవలస, కిరండోల్ రైలుమార్గంలో బండరాళ్లు జారిపడడం కొత్త కాదు.

మారిషస్‌కు తెలుగువాళ్లతో ప్రత్యేక బంధం. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి కూలి ఒప్పందాల మీద ఓడలెక్కినవాళ్ల వారసులు అక్కడ ఉగాదిని ప్రభుత్వ సెలవుగా జరుపుకొంటున్నారు. 1839 నవంబరులో ఆ కోరంగిని ఉప్పెన తుడిచిపెట్టింది. వారసులు స్థిరపడ్డ దీవినీ తుఫాన్లు వదల్లేదు. అక్కడి కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. 1960లో కెరోల్ వేలాది ఇళ్లను నేలమట్టం చేశాక, ఆ దేశం రేకుల ఇళ్ల నుంచి కాంక్రీటు ఇళ్లకు మళ్లింది. ఇప్పుడు అక్కడి హెచ్చరికలకు నాలుగు తరగతులున్నాయి. తరగతి పెరిగేకొద్దీ బళ్లు, ఆఫీసులు, బస్సులు ఒక్కొక్కటే ఆగుతాయి. హోటల్లో ఉన్న పర్యాటకుడూ మారు మాట్లాడకుండా లోపలే ఉండాలి. ఆ క్రమశిక్షణ చూసి నేర్చుకోదగ్గది.

గాలి లేకుండానే మునిగిన పడవలు

సెలవులో ప్రాణం పోవడానికి తుఫానే కారణం కానక్కర్లేదని బహ్రెయిన్‌కు 2006లోనే తెలిసింది. ఆ ఏడాది మార్చి 30 రాత్రి, ముహర్రక్ దగ్గర తీరానికి కూతవేటు దూరంలో, కంపెనీ విందు జరుగుతున్న అల్ దానా అనే విహార పడవ తలకిందులై 58 మంది చనిపోయారు. వాళ్లలో భారతీయులూ ఉన్నారు. మన దగ్గర 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల విహారానికి వెళ్తున్న రాయల్ వశిష్ఠ మునిగింది. గోదావరి వరదలో ఉంది. తుఫాను లేదు. 70 మందికి పైగా ఎక్కితే 26 మందే బయటపడ్డారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, వాతావరణ సూచన చూడడం ఎంత అవసరమో, పడవవాడికి లైసెన్సు ఉందా, లైఫ్ జాకెట్టు తొడిగాడా అని అడగడమూ అంతే అవసరమని తేలుతుంది. వరదలో పడవ నడపనన్నవాడి దగ్గరే టికెట్టు కొనాలి.

టికెట్టు, బీమా, తిరుగు ప్రయాణం

మీనా సల్మాన్ వెనక క్యాంపు గదుల్లో సెలవు ప్రయాణం అట్టపెట్టెతో మొదలవుతుంది. టాంగ్ డబ్బా, నిడో పాలపొడి, టైగర్ బామ్, ఖర్జూరాలు, అమ్మకు దుప్పటి. ఇద్దరు పెట్టె మీద కూర్చుని అదుముతుంటే మూడోవాడు టేపు చుట్టి నైలాను తాడు బిగిస్తాడు. నాలుగు వైపులా మార్కరుతో పేరు, ఊరు. ఇంతలో స్పీకర్లో సోంపేట దగ్గరి పల్లె నుంచి తల్లి గొంతు: “గాలింకా రానేదురా బాబూ, సినుకులు పడతన్నాయి. రైళ్లు ఆపీసినారట. నువ్వు విశాపట్నం దిగి ఏటి సేస్తావు?” కొడుకు పెట్టె వైపు చూసి, “టికెట్టు మారిస్తే డబ్బులు పోతాయే అమ్మా” అంటాడు. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి.

నిబంధనలు ఇలా ఉన్నాయి. మన దేశంలో వాతావరణం వల్ల విమానం రద్దయితే సంస్థ డబ్బు వాపసన్నా ఇవ్వాలి, వేరే విమానమన్నా చూపాలి. పరిహారం మాత్రం రాదు. రైలు రద్దయితే ఆన్‌లైన్ టికెట్టు డబ్బు పూర్తిగా తిరిగొస్తుంది. చిక్కంతా విడివిడి టికెట్ల దగ్గర. బహ్రెయిన్ నుంచి హైదరాబాద్ ఒక టికెట్టు, హైదరాబాద్ నుంచి విశాఖ ఇంకొకటి అయితే, తిరిగి వెళ్లేటప్పుడు వాన వల్ల విశాఖ విమానం ఆలస్యమై బహ్రెయిన్ విమానం తప్పిపోతే ఆ నష్టం మనదే. నాలుగు దీనార్లు ఎక్కువైనా ఒకే టికెట్టు మీద ఊరి దాకా కొనడం మేలు. బీమా సంగతి ఇంకా సూక్ష్మం. తుఫాను ముంచుకొస్తోందని తెలిశాక కొన్న పాలసీ ఆ తుఫానుకు పనిచేయదు. సెలవు ఖాయమైన రోజే కొనాలి. ఆ పాలసీ స్వదేశ ప్రయాణానికి వర్తిస్తుందో లేదో చిన్న అక్షరాల్లో చదువుకోవాలి.

వచ్చేటప్పటి ఆలస్యం సెలవులో రెండు రోజుల్ని తింటుంది, అంతే. తిరుగు ప్రయాణంలో ఆలస్యమైతే డ్యూటీకి గైర్హాజరు, జీతం కోత, సూపర్‌వైజర్ చీవాట్లు. కొత్త ఉద్యోగి అయితే కాంట్రాక్టుకే ముప్పు. గల్ఫ్ కార్మికుడికి తుఫాను చివరి వారంలో వస్తేనే ప్రమాదం. కానీ మనలో చాలామంది మొదట హైదరాబాద్‌లో బంధువుల్ని చూసుకుని, ఊళ్లో ఆఖరు రోజు దాకా ఉండి, ఆ రాత్రి రైలెక్కి పొద్దున విమానం అందుకుందామనుకుంటారు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనడమంటే ఇదే.

ఆతిథ్యమిచ్చే ఊరి మాట

తుఫాను వస్తుంటే తీరంలో అదనపు మనిషి భారమా, ఆసరానా? హెచ్చరిక వేళ అతను భారమే. వాతావరణ శాఖ మూడు రోజుల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అలర్టు, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. రేవుల్లో ప్రమాద సూచికలు ఎగురుతాయి. 24 గంటల ముందు వేసే దారి అంచనాలో సగటు తేడా ఇప్పుడు వంద కిలోమీటర్ల లోపే. 1977లో ఈ సౌకర్యం ఉండి ఉంటే దివిసీమ కథ వేరుగా ఉండేది. ఇంత కబురు చేతిలో ఉన్నా, అలలు చూద్దామని విశాఖ ఆర్కే బీచికి వచ్చే జనాన్ని తరమడానికి పోలీసులు నిలబడాల్సి వస్తోంది. మత్స్యకార పల్లెలను ఖాళీ చేయించాల్సిన మనుషులు వాళ్లు.

గాలి తగ్గాక ఆ మనిషే ఆసరా అవుతాడు. తిత్లీ ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను ఊడ్చేశాక ఆ ఏడాది గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల సెలవులు ఇంటి కప్పులు వేయించడంతో, పడ్డ చెట్లు కోయించడంతో సరిపోయాయి. వాళ్లు తెచ్చిన రొక్కం పరిహారం కంటే ముందే ఊరికి చేరింది. తుఫాను వెళ్లిన నెలకు విశాఖలోనో మచిలీపట్నంలోనో గది తీసుకునేవాడు, బీచి ఒడ్డున మొక్కజొన్న పొత్తు కొనేవాడు కూడా ఆ ఊరికి మేలే చేస్తాడు. తుఫానని విని మూడు నెలల ముందే అన్నీ రద్దు చేసుకోవడం వల్ల ఎవరికీ లాభం లేదు.

తేల్చి చెప్పాలంటే

తుఫాను నెలల్లో సెలవు పెట్టుకోవద్దని గల్ఫ్ తెలుగువాడికి చెప్పడం అర్థం లేని మాట. పండగలు ఆ నెలల్లోనే, ఇంట్లో ఎదురుచూసేదీ ఆ నెలల్లోనే. తప్పించాల్సింది బిగించి కట్టిన ప్లానును. విహారమే కావాలనుకుంటే జూలై, ఆగస్టుల్లో సలాలా, మాల్దీవులు తుఫాను భయం లేని చోట్లు. అక్టోబరు, నవంబరుల్లో ఒమన్, శ్రీలంక తీరాలకు జాగ్రత్తతో వెళ్లాలి. సొంతూరే కావాలనుకుంటే తీరం ముందు పెట్టుకోండి, హైదరాబాద్ చివరికి పెట్టుకోండి. విమానానికి కనీసం మూడు రోజుల ముందు కోస్తా వదిలేలా టికెట్టు తీసుకోండి. జేబులో నాలుగు రోజులకు సరిపడా నగదు ఉంచండి. వాతావరణ శాఖ వారి మౌసం యాప్‌లో అల్పపీడనం మాట కనబడ్డ రోజే ప్రయాణం గురించి ఆలోచించండి. మూడో నంబరు ప్రమాద సూచిక ఎగిరేదాకా ఆగకండి.

ఎంత జాగ్రత్తపడ్డా కొన్నిసార్లు తిరుగు విమానం అందదు. అప్పుడు సెలవును నాలుగు రోజులు జీతం కోయకుండా పొడిగించే నిబంధన ఏ కంపెనీకీ పెద్ద ఖర్చు కాదు. మనుషుల్ని తుఫాను తీరాల నుంచే తెచ్చుకుంటున్న కంపెనీలు ఆ మాత్రం రాసివ్వాలి. బహ్రెయిన్‌లోని తెలుగు సంఘాలు ఉగాది సభల్లో పెద్దల్ని సన్మానించడంతో పాటు ఈ ఒక్క కోరికను లిఖితపూర్వకంగా యాజమాన్యాల ముందు పెట్టాలి. రాబోయే కాంట్రాక్టు మీద సంతకం చేసేటప్పుడు మీరూ అడగండి.